లోహాలను పట్టే బొగ్గు

2014 అక్టోబరులో అమెరికాలోని ఫ్లింట్ నగరంలో జనరల్ మోటార్స్ ఇంజిన్ల ఫ్యాక్టరీ ఊరి నీళ్లు తమకు వద్దంది. ఆ నీళ్లు తగిలిన ఇంజిన్ భాగాలకు తుప్పు పడుతోంది. ఫ్యాక్టరీ వేరే చోటి నుంచి నీళ్లు తెప్పించుకుంది. ఊళ్లో జనం మాత్రం మరో ఏడాది పాటు ఆ నీళ్లే తాగారు.

మిషిగన్ రాష్ట్రంలోని ఈ నగరం అంతకు ఆరు నెలల ముందు, ఖర్చు తగ్గుతుందని, డెట్రాయిట్ నుంచి వచ్చే నీటిని మానేసి ఫ్లింట్ నది నీటికి మారింది. నది నీటిలో క్లోరైడ్ ఎక్కువ. పైపుల లోపలి గోడలు కరిగిపోకుండా కాపాడే ఫాస్ఫేటును నీటిలో కలపాల్సింది, కలపలేదు. దాంతో పాతకాలపు సీసం గొట్టాల నుంచి సీసం నీళ్లలోకి దిగింది. వర్జీనియా టెక్ పరిశోధకులు ఒక ఇంట్లో పట్టిన నమూనాల్లో ఒకదానిలో నూరు కోట్ల పాళ్ల నీటికి 13,200 పాళ్ల సీసం కనిపించింది. అక్కడి ప్రభుత్వం చర్య తీసుకోవడానికి అప్పట్లో గీసుకున్న గీత 15 పాళ్లు. 2015 సెప్టెంబరులో పిల్లల వైద్యురాలు మోనా హనా-అటీషా ఊరి పిల్లల రక్తంలో సీసం పెరిగిందని లెక్కలతో సహా బయటపెట్టారు. మరుసటి నెలలో నగరం మళ్లీ డెట్రాయిట్ నీటికి మారింది.

నీళ్లు మారినంత తేలిగ్గా గొట్టాలు మారవు. నేల తవ్వి వేల ఇళ్ల గొట్టాలు తీసి కొత్తవి వేయడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా ఇంటింటికీ కుళాయికి బిగించుకునే చిన్న ఫిల్టర్లు పంచారు. ఆ ఫిల్టర్లను 150 పాళ్ల సీసం ఉన్న నీటితోనే పరీక్షించి ధ్రువీకరించారు. ఊళ్లో కొన్ని ఇళ్ల నీటిలో అంతకు ఎన్నో రెట్లు ఉంది. పనిచేస్తాయా అన్న అనుమానం సహజంగానే వచ్చింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇళ్లకు వెళ్లి పరీక్షలు చేసి, ఫిల్టరు దాటిన నీళ్లను గర్భిణులు, చిన్నపిల్లలు కూడా తాగవచ్చని 2016 జూన్‌లో ప్రకటించింది.

ఆ ఫిల్టరు విప్పి చూస్తే లోపల ఉండేది ఒక నల్లటి దిమ్మ. యాక్టివేటెడ్ కార్బన్. మనవాళ్ల ఇళ్లలో గోడకు తగిలించిన ప్యూరిఫైయర్‌లోనూ ఇలాంటి దిమ్మే ఉంటుంది. రంగు ఒకటే, పుట్టుక ఒకటే. అయినా ఒకటి సీసాన్ని పడుతుంది, రెండోది పట్టకపోవచ్చు. తేడా అంతా ఆ కార్బన్‌కు ఏ రసాయనం తోడైందన్న దానిలో ఉంది.

చిప్ప బొగ్గులో పావు ఎకరం

యాక్టివేటెడ్ కార్బన్‌కు ముడిసరుకు చాలావరకు మనకు తెలిసినదే. కొబ్బరి చిప్పలు, రాక్షసిబొగ్గు, కలప. నీటి ఫిల్టర్లకు కొబ్బరి చిప్పల బొగ్గుకు గిరాకీ ఎక్కువ. అది గట్టిగా ఉంటుంది, త్వరగా పొడి రాలదు, దాని రంధ్రాలు మరీ సన్నగా ఉంటాయి. దేశంలో కొబ్బరి ఎక్కువగా పండే నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి కాబట్టి, కోనసీమలో కొబ్బరి ఒలిచాక మిగిలే చిప్ప కూడా ఈ పరిశ్రమకు పనికొచ్చే సరుకే.

ఎండిన చిప్పల్ని గాలి సరిగా ఆడనీయకుండా కాలిస్తే బొగ్గు అవుతుంది. ఆ బొగ్గును 800 నుంచి 1,000 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచి నీటి ఆవిరి పట్టిస్తారు. ఆవిరి బొగ్గులోని కర్బనాన్ని అక్కడక్కడా తినేస్తూ లోపల లెక్కలేనన్ని సన్నటి సొరంగాలు తొలుస్తుంది. వాటిలో చాలా వాటి వెడల్పు 2 నానోమీటర్ల లోపే. ఈ సొరంగాల గోడలన్నీ విప్పి నేల మీద పరిస్తే ఒక గ్రాము కార్బన్‌కు సుమారు వెయ్యి చదరపు మీటర్లు వస్తాయి. మన లెక్కలో దాదాపు పాతిక సెంట్లు, అంటే పావు ఎకరం.

బొగ్గుకు ఇలాంటి గుణం ఉందని చాలాకాలం కిందటే తెలుసు. బొగ్గు వాయువులను పట్టి ఉంచుతుందని 1773లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే గమనించాడు. ద్రావణాల రంగును లాగేస్తుందని 1785లో రష్యాలో పనిచేస్తున్న లోవిట్జ్ కనుక్కున్నాడు. ఆవిరితోనూ, లోహపు క్లోరైడులతోనూ బొగ్గును చురుకు చేసే పద్ధతులకు రాఫెల్ ఫాన్ ఓస్ట్రెయ్‌కో 1900-01 ప్రాంతంలో పేటెంట్లు తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువులు ప్రయోగించడం మొదలయ్యాక గ్యాస్ మాస్కుల కోసం దీని అవసరం ఒక్కసారిగా పెరిగింది. కొబ్బరి చిప్పలు చాలక అమెరికాలో జనం చేత పీచ్ పండ్ల గింజలు పోగు చేయించారు.

ఇంత ఉన్నా మామూలు యాక్టివేటెడ్ కార్బన్ కరిగిన లోహాల దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. కార్బన్ చేసే పనిని అధిశోషణం అంటారు. గుడ్డ నీటిని పీల్చుకోవడం లాంటిది కాదిది. బూజు కర్రకు సాలెగూడు అంటుకున్నట్టు, నీటిలోని పదార్థం వచ్చి కార్బన్ గోడకు అంటుకుంటుంది. రంగులు, వాసనలు, పురుగుమందులు వంటి కర్బన పదార్థాలకు నీటిలో ఉండటం కన్నా ఆ గోడను అంటుకోవడమే ఇష్టం. క్లోరిన్ అయితే దానితో చర్య జరిపి మాయమవుతుంది. కరిగిన సీసం సంగతి వేరు. అది ధనావేశం ఉన్న అయాన్. చుట్టూ నీటి అణువులు గట్టిగా ముసురుకుని ఉంటాయి. ఆవేశం లేని కర్బన గోడ దానికి ఏ ఆకర్షణా చూపదు. పావు ఎకరం ఖాళీగా ఉన్నా అది దిగదు.

లోహాలన్నీ ఇలాగే ఉంటాయనీ కాదు. బంగారు గనుల్లో ఖనిజాన్ని సయనైడ్‌తో కడిగినప్పుడు బంగారం ఒక పెద్ద సంక్లిష్ట అయాన్‌గా మారుతుంది. దానికి కొబ్బరి చిప్పల కార్బన్ అంటే మహా ప్రీతి. అమెరికాలోని హోమ్‌స్టేక్ గని 1973లో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున వాడింది. తర్వాత ప్రపంచమంతా పాకింది. బంగారం తనంతట తాను కార్బన్‌కు నచ్చే వేషంలో వచ్చింది. సీసం, కాడ్మియం, నికెల్ అలా రావు. అందుకే వాటి కోసం కార్బన్ వేషమే మార్చాలి.

ఆమ్లంలో ఉడికిస్తే

దానికి బాగా తెలిసిన దారి నత్రికామ్లం. కార్బన్‌ను ఆ ఆమ్లంలో వేడి చేస్తే గోడల అంచుల్లో ఆక్సిజన్ వచ్చి చేరుతుంది. కార్బాక్సిల్, ఫినాల్ వంటి ఆమ్ల సమూహాలు పుడతాయి. వినిగర్‌కు పులుపు ఇచ్చే సమూహం కూడా కార్బాక్సిలే. నీటిలో ఇవి తమ హైడ్రోజన్‌ను వదిలి రుణావేశం తెచ్చుకుంటాయి. అటుగా వెళ్తున్న సీసం అయాన్ అక్కడ చిక్కుకుంటుంది. హైడ్రోజన్ వెళ్లిపోయి సీసం కూర్చుంటుంది కాబట్టి దీన్ని అయాన్ మార్పిడి అంటారు.

ఇందులో ఒక వింత ఉంది. నత్రికామ్లం సన్నటి గోడలను కొన్నిచోట్ల కూల్చేస్తుంది, కొన్ని సొరంగాల మూతులను మూసేస్తుంది. కాబట్టి శుద్ధి అయ్యాక కార్బన్ ఉపరితలం తరచు తగ్గుతుంది. లోహాన్ని పట్టే శక్తి మాత్రం పెరుగుతుంది. గ్రాముకు ఎన్ని చదరపు మీటర్లు అని ప్యాకెట్ మీద రాసిన అంకె లోహాల విషయంలో పెద్దగా ఏమీ చెప్పదు.

ఫాస్ఫారిక్ ఆమ్లంతో మరో దారి ఉంది. చిప్పల పొడిని, రంపపు పొట్టును ఆ ఆమ్లంలో నానబెట్టి 400 నుంచి 600 డిగ్రీల దగ్గర కాలుస్తారు. రంధ్రాలు పడటం, ఆమ్ల సమూహాలు చేరడం ఒకే దెబ్బకు జరిగిపోతాయి. ఫ్లింట్‌లో పంచిన వాటి లాంటి ఫిల్టర్లలో ఇంకో ఉపాయం వాడతారు. కార్బన్ పొడిలో సీసాన్ని పట్టే అయాన్ మార్పిడి పదార్థాన్ని కలిపి దిమ్మగా అదుముతారు. క్లోరిన్ పని కార్బన్ చూసుకుంటే సీసం పని దాని జతగాడు చూసుకుంటాడు.

ఆమ్లంలో ఉడికిన కార్బన్ ఎప్పుడు పనిచేస్తుందన్నది నీటి పీహెచ్ చేతిలో ఉంటుంది. నీరు బాగా పుల్లగా ఉంటే హైడ్రోజన్ అయాన్లే గుంపులు గుంపులుగా వచ్చి ఆ చోట్లను ఆక్రమిస్తాయి. సీసానికి చోటు దొరకదు. క్షారం మరీ ఎక్కువైతే సీసం హైడ్రాక్సైడ్‌గా మారి పొడిగా దిగిపోతుంది. అప్పుడది కార్బన్ గొప్పతనమా, దానంతట అదే దిగిందా అని తేల్చడం కష్టం. అందుకే ప్రయోగశాలల్లో సీసం మీద ఇలాంటి పరీక్షలను చాలావరకు పీహెచ్ 5, 6 మధ్య చేస్తారు.

ఒక్కో లోహానికి ఒక్కో మందు

పాదరసానికి ఆక్సిజన్ కన్నా గంధకం అంటే మక్కువ. ఈ జతను పరిశ్రమలు ఒక ప్రమాదం తర్వాత బాగా వాడుకున్నాయి. 1973లో అల్జీరియాలోని స్కిక్డాలో సహజవాయువును ద్రవంగా మార్చే కర్మాగారంలో అల్యూమినియం ఉష్ణ వినిమయ పరికరం దెబ్బతింది. గ్యాస్‌తో పాటు వచ్చిన కొద్దిపాటి పాదరసం అల్యూమినియాన్ని తినేసిందని తేలింది. ఆ తర్వాత గంధకం పట్టించిన కార్బన్ తొట్లు గ్యాస్ కర్మాగారాల్లో మామూలు అయ్యాయి. పాదరసం గంధకంతో కలిసి మెర్క్యురిక్ సల్ఫైడ్‌గా మారి అక్కడే ఉండిపోతుంది. మన వైద్యులు, చిత్రకారులు తరతరాలుగా ఎరిగిన ఇంగిలీకం కూడా ఈ సమ్మేళనమే. నీటిలో కరిగిన పాదరసాన్ని తీయడానికి కూడా గంధకం చేర్చిన కార్బన్‌నే ఎక్కువగా ఎంచుకుంటారు. పాదరసం విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకో జపాన్‌లోని మినమాటా చెబుతుంది. చిస్సో కంపెనీ సముద్రంలోకి వదిలిన మిథైల్ పాదరసం చేపల్లో చేరి, వాటిని తిన్న జనం నరాలను దెబ్బతీసింది. 1956 మే నెలలో ఆ జబ్బును మొదటిసారి అధికారికంగా నమోదు చేశారు. కంపెనీ ఆ వ్యర్థాలు వదలడం ఆపింది 1968లో.

క్రోమియం ఆట తలకిందులుగా ఉంటుంది. తమిళనాడులోని రాణీపేటలో మూతబడిన ఒక క్రోమేట్ కర్మాగారం లక్ష టన్నులకు పైగా క్రోమియం వ్యర్థాన్ని గుట్టగా వదిలి వెళ్లింది. వానలకు అందులోంచి ఊరేది హెక్సావాలెంట్ క్రోమియం, అంటే ఆరు సంయోజకత గల రూపం. క్యాన్సర్‌కు దారితీసేది ఇదే. ఇది నీటిలో క్రోమేట్‌గా ఉంటుంది, దాని ఆవేశం రుణం. సీసం కోసం రుణావేశం పెంచిన కార్బన్ దీన్ని దగ్గరికి రానివ్వదు. దీనికి ఆమ్ల జలం కావాలి. పీహెచ్ 2, 3 దగ్గర కార్బన్ గోడలు ధనావేశం తెచ్చుకుని క్రోమేట్‌ను లాక్కుంటాయి. అంతటితో ఆగకుండా కార్బన్ తన ఎలక్ట్రాన్లు ఇచ్చి, దాన్ని తక్కువ ప్రమాదకరమైన ట్రైవాలెంట్ రూపంలోకి మారుస్తుంది. అమైన్లు, అంటే నత్రజని ఉన్న సమూహాలు అతికించిన కార్బన్ కూడా ఇలాంటి రుణ అయాన్లకు పనికొస్తుంది.

ఆర్సెనిక్‌కు ఇనుము కావాలి. బెంగాల్ ప్రాంతంలో అతిసారం నుంచి జనాన్ని కాపాడాలని వేసిన గొట్టపు బావులు నేల లోపలి ఆర్సెనిక్‌ను పైకి తెచ్చాయి. పశ్చిమ బెంగాల్లో దాని వల్ల వచ్చిన చర్మవ్యాధిని కోల్‌కతా వైద్యుడు కె.సి. సాహా 1983లో గుర్తించారు. కార్బన్‌ను ఇనుప లవణాల్లో నానబెట్టి దాని రంధ్రాల్లో ఇనుప ఆక్సైడును దించితే అది ఆర్సెనిక్‌ను గట్టిగా పట్టుకుంటుంది. కాకపోతే బావినీళ్లలో ఎక్కువగా ఉండే ఆర్సెనైట్‌కు ఆవేశం ఉండదు. దాన్ని ముందు ఆర్సెనేట్‌గా మార్చుకోవాలి. ఇనుము మీద ఆధారపడిన ఈ ఆలోచన కార్బన్ దాటి కూడా వెళ్లింది. బంగ్లాదేశ్‌లో పుట్టి అమెరికాలో ఆచార్యుడైన అబుల్ హుస్సామ్ బకెట్లలో ఇసుక, ఇనుప మిశ్రమం, కట్టెబొగ్గు, ఇటుక ముక్కలు పేర్చి సోనో ఫిల్టర్ తయారు చేశారు. దానికి 2007లో పది లక్షల డాలర్ల గ్రెయింజర్ బహుమతి వచ్చింది. ఐఐటీ మద్రాసులో టి. ప్రదీప్ బృందం రూపొందించిన ‘అమృత్’ కూడా ఇనుప ఆక్సీహైడ్రాక్సైడ్ నానో కణాలతోనే ఆర్సెనిక్‌ను పడుతుంది.

కాగితం మీద 20 వేల లీటర్లు

ఈ విషయం మీద వచ్చే పరిశోధన పత్రాల్లో గ్రాము కార్బన్ పదుల మిల్లీగ్రాముల సీసాన్ని పట్టిందన్న అంకెలు మామూలు. గ్రాముకు 20 మిల్లీగ్రాములనే అనుకుందాం. వంద గ్రాముల కార్బన్ రెండు వేల మిల్లీగ్రాములు పట్టాలి. నీటిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము సీసం ఉంటే 20 వేల లీటర్లు శుద్ధి కావాలి. అమెరికాలో కుళాయికి బిగించే ఫిల్టర్లలో చాలావాటి మీద రాసి ఉండే ఆయుష్షు మాత్రం 380 లీటర్ల దగ్గరే ఉంటుంది.

ఈ తేడాకు కారణాలు చాలా ఉన్నాయి. ప్రయోగశాలలో సీసం మోతాదు ఎక్కువగా పెట్టి గంటల తరబడి కలుపుతారు. కుళాయి దగ్గర మోతాదు తక్కువ, నీరు కార్బన్‌ను తాకేది కొన్ని సెకన్లే. నీటిలో సీసం తగ్గేకొద్దీ కార్బన్ పట్టే మొత్తమూ తగ్గుతుంది. ప్రయోగశాలలో స్వేదనజలంలో సీసం ఒక్కటే ఉంటుంది. బోరు నీటిలో సీసానికి వేల రెట్లు కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. సబ్బు నురగ రాని, గీజరులో తెల్లటి పెచ్చు కట్టే నీళ్లు తెలుగు జిల్లాల్లో ఎన్ని ఊళ్లలో ఉన్నాయో అందరికీ తెలుసు. ఆ కాల్షియం కూడా అవే చోట్ల కోసం పోటీ పడుతుంది.

నిండిపోయిన కార్బన్ ఆ సంగతి చెప్పదు. నీటి రంగు మారదు, రుచి మారదు. లోహం మెల్లగా అవతలికి జారడం మొదలవుతుంది. కరగని లోహంతో మరో చిక్కు. 2019 ఆగస్టులో అమెరికాలోని న్యూవర్క్ నగరంలో ఫిల్టర్లు పెట్టిన మూడు ఇళ్లలో రెండిటి నీటిలో సీసం పరిమితిని దాటింది. నగరమంతా కలకలం రేగి సీసా నీళ్లు పంచారు. తర్వాత వందల ఫిల్టర్లను పరీక్షిస్తే నూటికి 97 బాగానే పనిచేస్తున్నట్టు తేలింది. కరిగిన అయాన్ల కోసం తయారైన దిమ్మలోంచి అతి సన్నటి సీసం రేణువులు జారిపోయే అవకాశం మీద అప్పటి నుంచి పరిశోధకుల దృష్టి పడింది.

మీటరు చూపని విషం

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి కళ్లు తిరిగి, మూర్ఛలతో ఆస్పత్రుల పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఎక్కువగా కనిపించాయి. తర్వాత అనుమానం పురుగుమందుల అవశేషాల మీదికీ మళ్లింది. హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరు పారిశ్రామిక వాడ నేలలో భారలోహాలు పేరుకున్నాయని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు చాలా ఏళ్ల కిందటే నమోదు చేశారు. ఏ విషం ఎంత ఉందో తెలియకుండా ఏ కార్బన్ కావాలో తేల్చడం సాధ్యం కాదు.

ప్యూరిఫైయర్ అమ్మడానికి వచ్చే కుర్రాడి చేతిలోని టీడీఎస్ మీటరు ఈ పనికి రాదు. నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి, విద్యుత్తు ఎంత పారుతుందో చూసి, ఒక అంచనా చెప్పడమే దాని పని. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము, కాడ్మియం 0.003, పాదరసం 0.001 మించకూడదు. పది కోట్ల పాళ్లలో ఒక పాలు సీసం మీటరు అంకెను కదిలించలేదు. గ్లాసులో కడ్డీలు ముంచి కరెంటు పెట్టి నీటిని గోధుమరంగులోకి మార్చి భయపెట్టే ప్రదర్శన ఇంకా పచ్చి మోసం. ఆ రంగులో ఎక్కువ భాగం కడ్డీలోని ఇనుముదే. లోహాల లెక్క తేలాలంటే అటామిక్ అబ్సార్ప్షన్, ఐసీపీ-ఎంఎస్ వంటి పరికరాలున్న ప్రయోగశాలకు నమూనా పంపాలి.

మరగబెట్టినా ప్రయోజనం లేదు. నీరు ఆవిరై లోహం ఇంకా చిక్కబడుతుంది. చిల్లగింజ అరగదీసి కలిపితే బురద అడుక్కి దిగుతుంది గానీ కరిగిన సీసం పోతుందని నమ్మలేం. నల్లగొండ, ప్రకాశం వాసులను పీడించిన ఫ్లోరైడ్‌కు మామూలు కార్బన్ దిమ్మ మందు కాదు. ఆర్వో పొర లోహాలను చాలావరకు ఆపుతుంది, బదులుగా బోలెడు నీటిని వృథాగా పారబోస్తుంది. ఆర్వో యంత్రంలో ముందుండే కార్బన్ దిమ్మకు అప్పగించిన ముఖ్యమైన పని క్లోరిన్‌ను తీసేసి ఆ పొరను కాపాడటం. కార్బన్ ఫిల్టరునే లోహాల కోసం కొంటుంటే డబ్బా మీద చూడాల్సింది పరీక్ష వివరం. అమెరికా ప్రమాణాల్లో ఎన్ఎస్ఎఫ్ 42 అంటే రుచి, వాసన, క్లోరిన్. ఆరోగ్యానికి సంబంధించినది ఎన్ఎస్ఎఫ్ 53. అందులోనూ సీసం పేరు విడిగా రాసి ఉండాలి. ఈ పరీక్షను పీహెచ్ 6.5 దగ్గర ఒకసారి, 8.5 దగ్గర ఒకసారి చేస్తారు.

పట్టిన లోహం ఎక్కడికి?

కార్బన్ లోహాన్ని నాశనం చేయదు, పట్టి ఉంచుతుంది. ఆమ్లంతో శుద్ధి చేసిన కార్బన్‌ను పలుచని హైడ్రోక్లోరిక్ లేదా నత్రికామ్లంతో కడిగితే హైడ్రోజన్ తిరిగి వచ్చి సీసం బయటికి వస్తుంది. కర్మాగారాలు ఇలా కడిగి కార్బన్‌ను మళ్లీ వాడుకోవచ్చు. ప్రతి కడుగుడుకూ దాని శక్తి కొంత తగ్గుతుంది. చిక్కటి లోహ ద్రావణం ఒకటి చేతికి వస్తుంది. అందులోంచి లోహాన్ని రాబట్టుకుంటే సరే, లేకపోతే దాన్ని గట్టిపరిచి పాతిపెట్టాలి. గంధకంతో కలిసిన పాదరసం అయితే కడుగుడుకు లొంగదు.

కర్మాగారాల నుంచి వచ్చే ఇలాంటి కార్బన్ ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. దానికి తెలంగాణలో దుండిగల్, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ దగ్గరి పరవాడ వంటి చోట్ల ప్లాస్టిక్ పొరలు పరిచిన గుంతలున్నాయి. ఇంటి ప్యూరిఫైయర్ నుంచి తీసిన కార్ట్రిడ్జ్‌కు ఆ దారి లేదు. దాన్ని మార్చడానికి వచ్చిన మెకానిక్ పాతదాన్ని గడప దగ్గర వదిలేస్తే, మర్నాడు అది తడిచెత్త, పొడిచెత్తతో పాటు మున్సిపల్ బండి ఎక్కుతుంది.